దేవుడి గదిలోని ఎర్ర బుగ్గ నెలకు ఎన్ని యూనిట్లు తింటుంది?

వరంగల్, హనుమకొండ ఇళ్లలో కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందంటే ముందు అనుమానం పోయేది ఫ్రిజ్ మీదికి, ఎండాకాలమైతే కూలర్ మీదికి, ఏదీ తేలకపోతే మీటర్ మీదికి. దేవుడి గదిలో పటాల పైన పగలూ రాత్రీ వెలుగుతుండే చిన్న ఎర్ర బుగ్గ మీదికి ఎవరి చూపూ పోదు. దాని పేరే జీరో బల్బు కదా, అది కరెంటు తీసుకోదని చాలామంది మనస్ఫూర్తిగా నమ్ముతారు. తీసుకుంటుంది, సుమారు 15 వాట్లు. ఇరవై నాలుగు గంటలూ వెలిగితే నెలకు 10.8 యూనిట్లు. హాల్లో రోజూ సాయంత్రం ఐదు గంటలు వేసే 60 వాట్ల పాత బల్బు నెలకు తినేది 9 యూనిట్లే. అంటే ఇంటిల్లిపాదికీ వెలుగిచ్చే పెద్ద బుగ్గ కంటే, ఎవరికీ వెలుగు కోసం అక్కర్లేని చిన్న బుగ్గే ఎక్కువ తింటోంది.

ఆ పేరు ఎందుకొచ్చిందంటే, చక్రం తిరిగే పాత మీటర్లు అంత చిన్న లోడుకు కదిలేవి కావని, అందుకే జీరో అన్నారని చెబుతుంటారు. ఇప్పుడు ఇళ్లకున్న ఎలక్ట్రానిక్ మీటర్లు 15 వాట్లను వదిలిపెట్టవు.

ఇంట్లో బల్బులు మారుద్దాం అనుకున్నప్పుడు అందరూ చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. వాట్లు చూస్తారు, గంటలు చూడరు. యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు వాడటం, కాబట్టి వాట్లెంత ముఖ్యమో ఎన్ని గంటలు వెలుగుతోందన్నదీ అంతే ముఖ్యం. స్టోర్ రూములో వంద వాట్ల పాత బల్బు ఉండి దాన్ని రోజుకు ఐదు నిమిషాలు వేస్తే నెలంతా కలిపినా పావు యూనిట్ దాటదు, దాన్ని ఇంకో పదేళ్లు అలాగే ఉంచినా నష్టమేం లేదు. బయట గేటు దగ్గర రాత్రంతా వెలిగేది, మెట్ల మీద ఎవరూ ఆపనిది, పడకగదిలో పిల్లలు భయపడతారని పెట్టే నైట్ బల్బు, దేవుడి గదిది, పశువుల కొట్టంలోది... ముందు మార్చాల్సినవి ఇవి.

పది యూనిట్లే కదా, ఎంత మిగులుతుంది అనే ప్రశ్న సహజం. దానికి జవాబు ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ టారిఫ్‌లో ఉంది. 2022-23 నుంచి అమల్లోకి వచ్చిన శ్లాబుల ప్రకారం నెలకు వంద దాటి 200 యూనిట్ల లోపు ఉన్న ఇంటికి మొదటి వంద యూనిట్లు 3.40 రూపాయల చొప్పున, రెండో వంద 4.80 చొప్పున పడతాయి. 200 దాటితే దాటిన యూనిట్లకే రేటు పెరుగుతుందని అనుకుంటాం గానీ అలా కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారుతుంది. మొదటి 200 యూనిట్లకు 5.10, ఆ పైన 300 వరకు 7.70. దీన్ని లెక్కేసి చూస్తే తేడా ఎంతుందో తెలుస్తుంది. 208 యూనిట్లు కాలిన ఇంటికి ఎనర్జీ చార్జీ 1081 రూపాయల 60 పైసలు. అదే ఇల్లు 198 దగ్గర ఆగితే 810 రూపాయల 40 పైసలు. మధ్యలో ఉన్నది పదే యూనిట్లు, తేడా మాత్రం 271 రూపాయలు, అందులోనూ కస్టమర్ చార్జీలు, డ్యూటీ లాంటివి కలపకుండానే. ఆ పది యూనిట్లు ఇంచుమించు దేవుడి గది బుగ్గవే.

గృహజ్యోతి కింద ఉన్న ఇళ్లకైతే ఈ గీత ఇంకా పదునైనది. 2024లో మొదలైన ఈ పథకంలో 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా, దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే. 190, 195, 205 అంటూ ఆ గీత చుట్టూ తిరిగే ఇల్లు ఎండాకాలం మూడు నెలల్లో గీత దాటి బిల్లు చేతికొచ్చాక టెన్షన్ పడటం మామూలైపోయింది. టారిఫ్‌లో వంద దగ్గర కూడా ఇలాంటి గీతే ఉంది, వంద లోపు వాడే ఇంటికి రేట్లు ఇంకా తక్కువ కాబట్టి వంద యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు అయితే 101కి 344 రూపాయల 80 పైసలు. అందుకే బల్బు మార్చితే ఎంత మిగులుతుందనే ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే, రోజుకు ఐదు గంటల లెక్కన, నెలకు 7.65 యూనిట్లు తగ్గుతాయి. 4.80 రేటు మీద చూస్తే 36 రూపాయల పైచిలుకు. వంద రూపాయల బల్బు మూడు నెలల్లో తన ఖర్చు తానే తీర్చేసుకుంటుంది. శ్లాబు గీత దగ్గరున్న ఇంట్లో అయితే మొదటి నెలలోనే తీరుతుంది.

ఇక పాత బల్బు ఎందుకంత తింటుందో చూద్దాం. లోపల ఉన్నది టంగ్‌స్టన్ తీగ. కరెంటు దానిగుండా పోతూ దాన్ని దాదాపు 2500 డిగ్రీల వరకు కాలుస్తుంది. కమ్మరి కొలిమిలో ఇనుప ముక్క ముందు ఎర్రగా, ఇంకా ఊదితే పసుపుగా మారినట్టే, అంత కాలినందువల్ల అది వెలుగుతుంది. వెలుగు కోసం కాల్చడం కాదు, కాలడంలో కొంచెం వెలుగు రావడం. తీసుకున్న కరెంటులో ఓ 5 శాతం మాత్రమే కంటికి కనిపించే వెలుగు, మిగతాదంతా వేడి. ఆరిపోయిన వెంటనే బల్బు తీయబోయి వేళ్లు చుర్రుమన్న అనుభవం లేనివాళ్లు ఈ తరంలో తక్కువే ఉంటారు. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు మూసిన గదిలో వంద వాట్ల బల్బు వేయడమంటే చిన్న హీటర్ వేసుకుని దాని కింద ఫ్యాన్ తిప్పుకోవడం.

ఈ లెక్కని ఇంకొంచెం వెనక్కి, కరెంటు పుట్టిన చోటిదాకా తీసుకెళ్తే మనసు చివుక్కుమంటుంది. మన ఉత్తర తెలంగాణ వాళ్లకు కరెంటు ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. రామగుండం పొగగొట్టాలు రైల్లోంచి కనిపిస్తాయి, భూపాలపల్లి పక్కన చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, జైపూర్‌లో సింగరేణి వాళ్ల ప్లాంటు ఉంది, బొగ్గు తవ్వే మనుషులు మన చుట్టాల్లోనే ఉంటారు. థర్మల్ ప్లాంటులో బొగ్గుకున్న శక్తిలో మూడో వంతుకు కాస్త ఎక్కువే కరెంటుగా మారుతుంది, మిగతాది చిమ్నీలోంచీ కూలింగ్ టవర్ల మీంచీ పోతుంది. ఆ కరెంటు తీగల మీద, ట్రాన్స్‌ఫార్మర్లలో ఇంకొంత పోగొట్టుకుంటూ ఇంటికి చేరుతుంది. బొగ్గులోని శక్తిని వంద పాళ్లు అనుకుంటే మన స్విచ్‌బోర్డు దాకా వచ్చేది సుమారు 31 పాళ్లు. అందులో పాత బల్బు 5 శాతాన్ని వెలుగు చేస్తే చివరికి మిగిలేది ఒకటిన్నర పాలు. భూమి లోపలికి దిగి మనుషులు ప్రాణాలకు తెగించి తవ్వితెచ్చిన వంద కిలోల బొగ్గులో ఒకటిన్నర కిలో మన గదికి వెలుగయ్యింది, మిగతా తొంభై ఎనిమిదిన్నర కిలోలు వేడిగా గాల్లో కలిశాయి. ఎల్‌ఈడీ తీసుకున్న కరెంటులో దాదాపు 30 శాతాన్ని వెలుగు చేస్తుంది కాబట్టి అదే బొగ్గు నుంచి తొమ్మిది పాళ్ల వెలుగు వస్తుంది. బిల్లు సున్నా వచ్చే ఇళ్లలోనూ బల్బు ఎందుకు మార్చాలి అంటే కారణం ఇదే, డబ్బు మనం కట్టకపోయినా బొగ్గు కాలుతూనే ఉంటుంది.

ఎల్‌ఈడీలో ఏదీ ఎర్రగా కాలదు. సెమీకండక్టర్ చిప్పులో కరెంటు పారినప్పుడు నేరుగా నీలం వెలుగు పుడుతుంది, చిప్పు మీద ఉన్న పసుప్పచ్చ పూత అందులో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఎర్ర ఎల్‌ఈడీ 1962 నుంచే ఉంది. నీలం రాకపోవడం వల్ల తెల్ల వెలుగు దశాబ్దాల పాటు ఆగిపోయింది. ఆ నీలాన్ని సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమూరలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలోనూ లెక్క మారింది. 2014 మొదట్లో ప్రభుత్వం టోకుగా కొన్నప్పుడు ఒక ఎల్‌ఈడీ బల్బు 310 రూపాయలు, 2015 జనవరి 5న ఉజాలా పథకం దేశవ్యాప్తంగా మొదలై కోట్ల లెక్కన టెండర్లు పిలిచాక 2016కల్లా టోకు ధర 38 రూపాయలకు దిగింది. పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ఒక వస్తువు ఇంత తొందరగా ఇంత చవకైంది సెల్‌ఫోన్ తర్వాత ఇదేనేమో.

చవకవడంతోనే ఇంకో తలనొప్పి కూడా వచ్చింది. డబ్బా మీద 25,000 గంటలని రాసి ఉంటుంది, అంటే రోజుకు ఐదు గంటల చొప్పున పదమూడేళ్లు. చాలా ఇళ్లలో రెండేళ్లకే పోతున్నాయి. దీంతో "ఎల్‌ఈడీలన్నీ మోసం" అనే మాట పుట్టింది. మోసం కాదు, ఏం పోయిందో చూస్తే తెలుస్తుంది. పోయిన బల్బు తెల్లటి ప్లాస్టిక్ గుండు మూత మెల్లగా తిప్పి తీస్తే లోపల గుండ్రటి అల్యూమినియం బిళ్ల మీద మినప్పప్పంత పసుప్పచ్చ చిప్పులు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఏదో ఒకదాని నడుమ నల్లటి చుక్క ఉంటుంది. మిగతా చిప్పులన్నీ బాగానే ఉంటాయి. కానీ అవన్నీ ఒకే దారంలో పూసల్లా వరుసగా కలిపినవి కాబట్టి ఒక్కటి తెగితే మొత్తం ఆరిపోతుంది. నల్లచుక్క ఏదీ లేకపోతే పోయింది దాని కింద ఉన్న డ్రైవర్, అంటే 230 వోల్టుల ఏసీ కరెంటుని చిప్పులకు సరిపడేలా మార్చే చిన్న సర్క్యూట్. అందులోని కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది. రెండు చావులకూ కారణం ఎక్కువసార్లు వేడే. ఎల్‌ఈడీ వేడెక్కదు అనుకోవడం తప్పు, పాతదానికంటే బాగా తక్కువ వేడెక్కుతుంది గానీ ఆ కొంచెం వేడిని కూడా తట్టుకోలేదు. గాలాడని గాజు గుండులో, పీఓపీ సీలింగ్ లోపల ఇరికించి బిగిస్తే, అందులోనూ రామగుండం, మంచిర్యాల ఎండల్లో, దాని ఆయుష్షు సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. అలాంటి చోట తక్కువ వాట్లది పెట్టాలి, లేదా మూత లేని హోల్డర్‌కు మార్చాలి.

రెండో శత్రువు వోల్టేజీ. కరెంటు పోయి తిరిగొచ్చే క్షణంలో వచ్చే దెబ్బకు పాత బల్బు తీగ ఓర్చుకునేది, లేకపోతే ఠప్పున తెగి ఆ విషయం తేలిపోయేది. ఎల్‌ఈడీ డ్రైవర్ అలా కాదు, కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. మంచి బల్బుల డబ్బాల మీద సర్జ్ ప్రొటెక్షన్ 2.5 కేవీ అనో 4 కేవీ అనో రాసి ఉంటుంది. ఊరి చివర, పొలాల దగ్గర లైనున్న ఇళ్లవాళ్లు ఆ ఒక్క మాట చూసి పది రూపాయలు ఎక్కువైనా కొనుక్కోవడం మంచిది. డబ్బా మీద బీఐఎస్ గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు లేని బల్బుని, రోడ్డు పక్క కుప్పపోసి వందకు నాలుగు అన్నా సరే, కొనకపోవడమే మేలు. ఇంకో జాగ్రత్త, యూట్యూబ్ చూసి నల్లచుక్క చిప్పుని సోల్డర్‌తో కలిపేసి బల్బు మళ్లీ వెలిగించేవాళ్లు పెరిగారు. చాలా బల్బుల్లో ఆ బిళ్ల మీద నేరుగా మెయిన్స్ కరెంటే ఉంటుంది, మూత తీసి హోల్డర్‌లో పెట్టి వేలు తగిలించడమంటే ప్లగ్గులో వేలు పెట్టినట్టే. వంద రూపాయల వస్తువు కోసం అంత సాహసం వద్దు.

కొనేటప్పుడు వాట్లు అడగడం మనకు అలవాటు, అడగాల్సింది ల్యూమెన్లు, అంటే బల్బు ఇచ్చే వెలుగు కొలత. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు సుమారు 700 ల్యూమెన్లు. ఏడెనిమిది వాట్ల మంచి ఎల్‌ఈడీ అంత ఇస్తుంది, 9 వాట్లది 800 నుంచి 900 దాకా ఇస్తుంది. రెండు కంపెనీల 9 వాట్ల బల్బుల్లో ఒకటి 720, ఇంకోటి 900 ఇవ్వొచ్చు, తినే కరెంటు మాత్రం ఒక్కటే. ఆ సంఖ్య డబ్బా మీదే ఉంటుంది, షాపతను చెప్పేదాకా ఆగనక్కర్లేదు.

రంగు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది డబ్బు లెక్కలో కనపడదు. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, మనవైపు అందరూ 6500 కెల్విన్ తెల్లదే కొంటారు, కాంతి ఎక్కువున్నట్టు అనిపిస్తుంది కాబట్టి. వంటింటికి, పిల్లలు చదువుకునే బల్లకు అది బాగానే ఉంటుంది. పడకగదికి 2700 లేదా 3000 కెల్విన్ పసుపు వెలుగే నయం, నీలం ఎక్కువున్న వెలుగు రాత్రిపూట నిద్రని వెనక్కి నెడుతుంది. అసలు తేడా తెలిసేది రంగులతో పని చేసేవాళ్లకు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లని తీసుకోండి, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలు అక్కడి మగ్గాల మీద నేసేవే. సాయంత్రం దాటాక మగ్గం మీద దారాలు ఎంచుకోవాలంటే ఎరుపు, మెరూన్, ఇటుకరంగు విడివిడిగా కనిపించాలి. పాత బల్బు వెలుగులో ఎరుపులన్నీ నిండుగా కనిపించేవి, నీలం తక్కువ కాబట్టి నలుపూ ముదురు నీలమూ కలిసిపోయేవి. చవక ఎల్‌ఈడీ కింద దీనికి తలకిందులు, నీలాలు తేటగా ఉంటాయి, ఎరుపు కళ తప్పి మట్టిరంగులోకి దిగుతుంది. వస్తువు రంగుని ఎంత నిజంగా చూపిస్తుందనే దానికి సీఆర్‌ఐ అని కొలత ఉంది, ఎండకూ పాత బల్బుకూ అది వంద, మామూలు ఎల్‌ఈడీకి 80, చవకవాటికి ఇంకా తక్కువ. మగ్గం మీద, టైలర్ మిషన్ దగ్గర, చీరల దుకాణంలో 90 దాటినదే పెట్టుకోవాలి. రూపాయలు కొన్ని ఎక్కువవుతాయి, కానీ తప్పు రంగు దారం పడి మీటరు నేత విప్పుకోవడం కంటే అది తక్కువే.

ట్యూబ్‌లైట్ సంగతి చాలామంది మరిచిపోతారు. పాత 40 వాట్ల ట్యూబు రాగి చోక్‌తో కలిపి 50 వాట్ల పైనే తింటుంది, దాని చోట 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ బిగిస్తే రోజుకు ఆరు గంటల వాడకం మీద నెలకు ఐదున్నర యూనిట్లకు పైగా తగ్గుతాయి. స్టార్టర్ టకటకలు, గుయ్యిమనే చోక్ రెండూ పోతాయి. సీఎఫ్‌ఎల్ బల్బులు ఇంకా పనిచేస్తుంటే పగలగొట్టకుండా పోయేదాకా వాడుకోవడమే మేలు, వాటిలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, చీపురుతో ఊడవకుండా గట్టి అట్టముక్కతో ఎత్తి, తడి కాగితంతో తుడిచి, అన్నీ ఒక సీసాలో వేసి మూత బిగించాలి.

పాత బల్బుని వదలకూడని చోటు ఒకటుంది. ఊళ్లలో కోడిపిల్లల్ని తెచ్చిన మొదటి వారాల్లో గంపకింద, రేకుకింద వందా రెండొందల వాట్ల బుగ్గలు వేలాడదీస్తారు. అక్కడ పని చేసేది వెలుగు కాదు, ఆ 95 శాతం వేడి. మొదటి వారం పిల్లలకు 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. కరెంటు ఆదా అని అక్కడ ఎల్‌ఈడీ పెడితే తెల్లారేసరికి పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా కనిపిస్తాయి.

ఇంకో చిన్న అనుమానం చాలామందిని భయపెడుతుంది, స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ మసకగా వెలుగుతూనే ఉండటం. దెయ్యం లేదు, బల్బులో లోపమూ లేదు. స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉంటే దానిగుండా పారే రవ్వంత కరెంటు చాలు చిప్పు మిణుకుమనడానికి. ఇండికేటర్ లేకుండానే అలా జరుగుతుంటే మాత్రం ఎలక్ట్రీషియన్‌కి చూపించాలి, స్విచ్ కరెంటు వచ్చే ఫేజ్ తీగకి బదులు తిరిగిపోయే న్యూట్రల్ తీగని కత్తిరిస్తోందేమో. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉన్నట్టే, బల్బు మార్చేటప్పుడు షాక్ కొడుతుంది.

బల్బులన్నీ మార్చాక కూడా బిల్లు పెద్దగా తగ్గలేదంటే ఫ్యాన్ల వైపు చూడాలి. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 18 గంటలు తిరిగితే నెలకు 40 యూనిట్లు, అలాంటివి మూడుంటే శ్లాబు లెక్కంతా అక్కడే తేలిపోతుంది. తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ అదే పనిని 16 యూనిట్లలో చేస్తుంది, ధర ఎక్కువ కాబట్టి ఎక్కువ గంటలు తిరిగేదాన్ని ముందు మార్చాలి, బల్బుల్లో చేసినట్టే.

ఏ బుగ్గ ఎంత తింటోందో ఎవరి మాటా నమ్మకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు. మీటర్ మీద ఒక చిన్న ఎర్ర లైటు మినుకుమినుకుమంటుంటుంది, దాని పక్కన ఒక యూనిట్‌కి ఎన్నిసార్లు మినుకుతుందో 1600 అనో 3200 అనో రాసి ఉంటుంది. రాత్రి అందరూ పడుకునే ముందు ఫ్రిజ్, టీవీ, వైఫై పెట్టె, చార్జర్లతో సహా అన్నీ ఆపి, ఒక్క జీరో బల్బు మాత్రమే వెలిగేలా ఉంచి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని మీటర్ ముందు నిలబడాలి. 3200 మీటర్ అయితే 15 వాట్ల ఎర్ర బుగ్గకు 75 సెకన్లకోసారి మినుకుతుంది. దాన్ని ఆపి 60 వాట్లది వేస్తే 19 సెకన్లకే, 9 వాట్ల ఎల్‌ఈడీ వేస్తే రెండు నిమిషాలు దాటాక. దేవుడి గదిలో అర వాట్ ఎల్‌ఈడీ చిన్న బుగ్గ పెట్టి మళ్లీ వచ్చి నిలబడితే ఆ ఎర్ర చుక్క వెలగడం కోసం అరగంట ఎదురుచూసినా సరిపోదు.